కూర్చుని నడిచిన అడుగులు

చిత్తూరు,
4 ఆగస్టు

చంద్రా,

మా అమ్మాయి నాజియా చేతికి ఈ ఉత్తరం, ఒక డబ్బా ఇచ్చి పంపుతున్నాను. డబ్బాలో ఉన్నది గడియారం. నాజియానే రెండు తెప్పించింది, ఒకటి నాకు, ఒకటి నీకు. ముళ్ళుండవు, కీ ఇచ్చే పని లేదు, నాలుగు రోజులకోసారి కరెంటు పెడితే చాలు. మామూలుగా నల్ల పలకలా ఉంటుంది, చెయ్యి తిప్పితే వెలుగుతుంది. టైము చెప్పడం దానికి ఓ మూలన చేసే పని. ఎన్ని అడుగులు వేశావు, గుండె ఎంత కొట్టుకుంది, ఎంతసేపు నిద్రపోయావు, అది గాఢనిద్రా పైపై నిద్రా, అన్నీ కనిపెట్టి చెబుతుంది. మా అత్తకు కూడా ఇంత ఆరా ఉండేది కాదు.

ఎందుకిదంతా అంటావా? పోయిన వారం నా షుగరు మూడు వందలు దాటింది. డాక్టరు రోజుకు ఐదు వేల అడుగులు నడవమన్నాడు. మా అమ్మ కాలు నువ్వు చూశావు. బొటనవేలి దగ్గర చిన్న పుండుగా మొదలైంది, చివరికి మోకాలి దాకా తీసేశారు. నాకు ఆ భయం పట్టుకుంది చంద్రా, నీ దగ్గర దాచడానికేముంది. అయినా ఒక్కదాన్ని వీధిన పడి నడవాలంటే కాళ్ళు రావు. నాజియా నర్సు కదా, రోజూ నాలాంటి మొండివాళ్ళను చూస్తుంది. ఈ ఉపాయం దానిదే. "కాళహస్తి పెద్దమ్మను తోడు పెట్టుకోమ్మా. ఆమె ఆడ నడిస్తే నీకు ఈడ తెలుస్తాది" అంది. ఫోన్లో రెండు గడియారాలకూ ముడి వేస్తుందట. నువ్వు వెయ్యి అడుగులు దాటినప్పుడల్లా నా మణికట్టు మీద చిన్నగా తడుతుంది. నేను దాటితే నీకు.

నలభై ఏళ్ళ కిందట కలంకారీ నేర్చుకోవడానికి మనిద్దరం పొద్దున్నే ఏటి ఒడ్డున నడిచిపోయేవాళ్ళం. నువ్వు ముందు, నేను వెనక. ఇప్పుడూ అంతే అనుకో. మధ్యలో నూరు కిలోమీటర్లు వచ్చి పడ్డాయి, అంతే తేడా.

ఫోన్లో చెప్పెయ్యకూడదా, ఇంకా ఉత్తరాలేంటి అని నాజియా నవ్వుతుంది. ఫోన్లో చెప్పింది గాలికి పోతుంది. నువ్వు ఉత్తరమే రాయి.

రహమత్

శ్రీకాళహస్తి,
18 ఆగస్టు

రహమతూ,

కట్టుకున్నాను. నాజియా ఎడమ చేతికి కట్టబోతే నేనే వద్దన్నాను. ఎడమ చేతికి మా నాయన గడియారం ఉంది, దాన్ని నేను తియ్యను. అందుకని కలం పట్టే కుడి చేతికి, నేనే సొంతంగా కట్టుకున్నాను. మా ఆయన చూసి "రెండు చేతులా టైమే. ఒక ముద్ద అన్నం పెట్టేదానికి మాత్రం టైము ల్యా" అన్నాడు. బస్సు దిగి రిటైరై మూడేళ్ళయినా కండక్టరు నోరు తగ్గలేదు.

నీ గడియారం తెలివి చెబుతాను విను. మధ్యాహ్నం రెండింటికి గుడ్డ ముందు కూర్చుంటే నాలుగు దాకా గీస్తాను కదా. ఆ రెండు గంటలూ నేను నిద్రపోయానని అది రాసుకుంది. అదీ గాఢనిద్ర! గీత లాగేటప్పుడు ఊపిరి బిగబట్టి, చెయ్యి కదిలిందా లేదా అన్నట్టు కదపమని గురువుగారు మనకు నేర్పింది దానికేం తెలుసు పాపం. మా ఆయనకు మాత్రం సందు దొరికింది. "నేను అప్పుడే అనుకున్యా, ఈమె కలం పట్టుకొని నిద్రపోతా ఉండాదని" అని వీధంతా చెప్పాడు.

ఏం గుడ్డ గీస్తున్నావని అడగకు. పూర్తయ్యాక చెబుతాను.

నిన్న నా అడుగులు మూడు వేలు దాటాయట. నాకే నమ్మబుద్ధి కాలేదు. నీ షుగరు ఎంత దిగిందో రాయి.

చంద్ర

చిత్తూరు,
8 సెప్టెంబరు

నా నడక తోడుకు,

నూట తొంభై! నాజియా రెండుసార్లు చూసింది, నూట తొంభయ్యే. ఇది మాత్రల వల్ల కాదు, నీ వల్ల.

పొద్దున్నే ఆరింటికి బయటపడతాను. మామిడికాయల కాలం అయిపోయింది, మండీ ముందు ఖాళీ బుట్టలు బోర్లించి ఉంటాయి, వాసన మాత్రం ఇంకా వదల్లేదు. సరిగ్గా అక్కడికొచ్చేసరికి మణికట్టు మీద టక్కుమంటుంది. నువ్వు వెయ్యి దాటావన్నమాట. ఒళ్ళు ఝల్లుమంటుంది చంద్రా. పక్కన ఎవరూ ఉండరు, కానీ ఎవరూ లేరని ఒట్టేసి చెప్పలేను. నా చెప్పుల చప్పుడులో ఇంకో జత చెప్పులు వినిపిస్తాయి. నువ్వు ఇసకలో, నేను తారురోడ్డు మీద. నిన్న అలా నీతో నడుస్తూ నడుస్తూ మా వీధి మలుపు దాటిపోయి, ఎటొచ్చానో తెలియక ఒక సైకిలాయన్ని అడిగాను. "మీ ఇల్లు ఎనకాలే పోయిందమ్మా" అన్నాడు.

నువ్వు కూర్చుండిపోయి ఉంటే నేనూ కూర్చుండిపోయేదాన్ని. ఈ మాట నీకు చెప్పాలనిపించింది, చెప్పాను.

ఇంకొకటి. నీ పగటి నిద్ర రెండు గంటలది గంటయింది, ఈ వారం అరగంటేనని నా ఫోన్లో చూపిస్తోంది. గీత వేగం పెరిగిందా, లేక నడకలో పడి గుడ్డను మరిచిపోయావా? అక్షరాలు కూడా చీమలబారులా ఉన్నాయి. కాగితం పొదుపు చేస్తున్నావా? నా కళ్ళు అసలే అంతంతమాత్రం, కాస్త పెద్దగా రాయి.

రహమత్

శ్రీకాళహస్తి,
29 సెప్టెంబరు

రహమతూ,

ఆరు వేలు నువ్వు చూసే ఉంటావు. ఎక్కడ నడిచానో చెబుతాను.

స్వర్ణముఖిలో నీళ్ళు లేవు, ఇసకే. ఆ ఇసకలో ఎండ ఇంకా ఎక్కకముందు నడుస్తాను. రెల్లు దాటితే ఒక చెట్టు ఉంది. ఏం చెట్టో నాకు తెలియదు, ఒక కొమ్మకు మామిడి ఆకులు, ఇంకో కొమ్మకు ఏవేవో పూలు. దాని వేళ్ళు నేల పైకే ఉంటాయి, ఒక్కో వేరు మీద కాలు పెట్టి నడవొచ్చు. పైకి చూస్తే పిట్టలు. నేను వచ్చినా ఎగరవు. చిలుకలు జంటగా కూర్చుని ఉంటాయి, ఒకటి మాట్లాడుతుంటే ఇంకొకటి వింటుంది. చెట్టు మొదట్లో ఒక నెమలి, ముక్కున పువ్వు పట్టుకుని, మెడ వెనక్కి తిప్పి ఎవరికోసమో చూస్తుంది. నేను దాని ముందు చాలాసేపు నిలబడతాను. తర్వాత మళ్ళీ నడుస్తాను. అక్కడ కాళ్ళు నొప్పి పుట్టవు. ఎంత దూరం నడిచినా ఇల్లు దగ్గరే ఉంటుంది.

నీకు తట్టినప్పుడల్లా నేను ఆ చెట్టు కింద ఉన్నాననుకో. నువ్వు మాత్రం మెల్లగా నడువు. నాతో సమంగా నడవాలని లేదు.

అక్షరాలు ఈసారి పెద్దవిగా రాశాను, చూడు.

చంద్ర

చిత్తూరు,
27 అక్టోబరు

చంద్రా,

పెద్దవిగా మొదలుపెట్టావు, నిజమే. పంక్తి చివరకొచ్చేసరికి మళ్ళీ చీమలే.

సమంగా నడవాలని లేదా? నువ్వు తొమ్మిది వేలు నడిచి నన్ను మెల్లగా నడవమంటావా! నిన్న నావి ఎనిమిది వేల నాలుగు వందలు. రేపు నీకన్నా ముందు తట్టకపోతే నా పేరు రహమత్ కాదు. నీ నెమలిని నేనూ చూస్తున్నాను, మండీ గోడ మీద కూర్చోబెట్టుకున్నాను. నేను బాగున్నాను. ఒంట్లో ఏమీ లేదు. మా కండక్టరన్న ఎలా ఉన్నాడు?

రహమత్

పెద్దమ్మా, నేను నాజియాని. ఈ ఉత్తరం పోస్టు చెయ్యమని అమ్మ నాకిచ్చింది. అతికించేముందు అడుగున ఈ నాలుగు మాటలు రాస్తున్నాను, అమ్మకు తెలియదు. కుడికాలి బొటనవేలి కింద బొబ్బ చితికి పుండయింది. షుగరు వల్ల పాదాలకు స్పర్శ తగ్గింది, ఆమెకు నొప్పి తెలియలేదు. చెప్పులో రక్తం చూసి నేను కనిపెట్టాను. డాక్టరు నడక పూర్తిగా మానమన్నాడు, లేకపోతే వేలు దక్కదన్నాడు. నేను డ్యూటీకి పోగానే మళ్ళీ బయలుదేరుతోంది. "చంద్ర ఒక్కటే నడస్తా ఉంటాది" అంటుంది. మీ మాటైతే వింటుంది. ఎట్లన్నా ఆపండి పెద్దమ్మా.

శ్రీకాళహస్తి,
1 నవంబరు

రహమత్,

నాజియా రాసింది చదివాను. దాన్ని కోప్పడకు. నువ్వు దాచావు, కానీ నేను దాచినదాని ముందు నీది ఏ మూలకు.

ముందు నువ్వు నడక మానెయ్యి. నేను నడవడం లేదు. ఒక్కరోజు కూడా నడవలేదు రహమతూ. ఆ మూడు వేలు, ఆరు వేలు, తొమ్మిది వేలు, అన్నీ చాప మీద కూర్చుని వేసిన అడుగులు.

నా కుడి చెయ్యి వణుకుతోంది. ఉగాది నుంచి. ఒళ్ళో ఊరికే పెట్టుకుంటే చాలు, బొటనవేలూ చూపుడువేలూ ముగ్గుపిండి వదులుతున్నట్టు వాటంతట అవే ఆడతాయి. గడియారం ఆ వణుకును నడక అనుకుంది. నాజియా వచ్చిన రోజు చెయ్యి కొంగు కింద పెట్టుకున్నాను. ఎడమ చేతికి మా నాయన గడియారం ఉందన్న మాట నిజమే, కానీ కుడిచెయ్యి ఆ పిల్లకు అందనివ్వకూడదన్నదీ నిజమే. మూడు వేలని నీకు రాసిన తర్వాత, ఇదేదో తప్పు చూపిస్తోందని మళ్ళీ రాద్దామనుకున్నాను. అంతలో నీ ఉత్తరం వచ్చింది. నూట తొంభై అని రాశావు. నువ్వు కూర్చుండిపోయి ఉంటే నేనూ కూర్చుండిపోయేదాన్నని రాశావు. ఇక నాకు నోరు రాలేదు. నా వణుకు నీకు తోడుగా నడుస్తోంది కదా, పోనీలే, ఒక పనికైనా వచ్చింది అనుకున్నాను. అది నిన్ను పుండు మీద నడిపిస్తుందని అనుకోలేదు.

పగటి నిద్ర తగ్గిందన్నావు. గీయడం తగ్గింది. కలం పట్టి గీత లాగుతున్నంతసేపు చెయ్యి నిలుస్తుంది. ఇంకో గీతకని ఆగానా, మళ్ళీ మొదలు. కలానికి చుట్టిన ఉన్ని నిండా నల్ల రంగు ఉంటుంది, ఒక్క చుక్క రాలితే ఆ మరక జన్మలో పోదు. అందుకని కూర్చోవడమే మానుకుంటూ వచ్చాను. అక్షరాలూ అంతే. పెద్దగానే మొదలుపెడతాను, అవి నా మాట వినకుండా చిన్నవైపోతాయి.

ఏం గుడ్డ అని అడగకు అన్నాను. ఇప్పుడు చెబుతాను. మనం పద్దెనిమిదేళ్ళప్పుడు కలిసి మొదలుపెట్టిన చెట్టు గుడ్డ. ఎడమ సగం పిట్టలు నువ్వు గీశావు. కుడి సగం నేను గీయాలి. అంతలో నీకు పెళ్ళయి చిత్తూరు పోయావు, నేను మడిచి ట్రంకుపెట్టెలో వేశాను. చెయ్యి వణకడం మొదలయ్యాక అది గుర్తొచ్చింది. గీసిన రంగు పాకకుండా మళ్ళీ కరక్కాయ కలిపిన ఎనుము పాలల్లో ముంచి ఆరేశాను. చెయ్యి పూర్తిగా పోకముందే ముగించి నీ ఒళ్ళో పెట్టాలనుకున్నాను. పిట్టలన్నీ అయ్యాయి. ఒక్క నెమలి మిగిలింది. నీ నెమలి ముక్కున పువ్వు పట్టుకుని వెనక్కి తిరిగి చూస్తోందే, దాని ఎదుటి నెమలి. నలభై ఏళ్ళుగా నీది ఖాళీ వైపే చూస్తోంది.

నేను రాసిన నడక ఆ గుడ్డ మీదదే. చెయ్యి ఆడుతున్నంతసేపు దాన్ని ఎదురుగా పరుచుకుని చూస్తూ కూర్చుంటాను. చూడగా చూడగా లోపలికి పోయినట్టే ఉంటుంది. ఆ వేళ్ళ మీద నడిచానని రాశానే, అది అబద్ధమని నాకు ఇప్పటికీ అనిపించడం లేదు.

ఆసుపత్రికి ఎందుకు పోలేదంటావు. మా ఆయనకు తెలుసు, రోజూ పోరుతున్నాడు. "బస్సు నేను ఆపుతానమ్మే, ఎక్కు" అంటాడు. వాళ్ళు "ఇంక గీయొద్దు" అంటారని భయం. గీయకపోతే నేనెవర్ని?

నీ కాలికి ఏమన్నా అయితే ఈ చెయ్యి ఉండీ ఒకటే, లేకా ఒకటే. ఇది అందిన వెంటనే మంచం ఎక్కు.

చంద్ర

చిత్తూరు,
8 నవంబరు

చంద్రకాంతమ్మ గారికి,

రెండు రోజులు నీమీద కోపం. ఈ పిలుపు ఆ కోపం మిగులు. ఇప్పుడు తగ్గింది, చంద్రా అనే అంటాను.

నేనూ ఒకటి ఒప్పుకోవాలి. నెమలి ముక్కున పువ్వుందని రాసినప్పుడే నాకు తెలిసింది. ఏట్లో నెమలి పువ్వెందుకు పట్టుకుంటుంది? ఆ నెమలి నేను గీసింది. నువ్వు నడవడం లేదేమో అని ఆరోజే అనుమానం వచ్చింది. అడగలేదు. అడిగితే నా మణికట్టు మీద తట్టడం ఆగిపోతుంది. నాకు నీ అడుగులు కావాలి, అవి నిజమా కాదా అన్నది వద్దు. అలా నన్ను నేనే మోసం చేసుకున్నాను. కాబట్టి పుండు పాపం నీ ఒక్కదాని మీదే వేసుకోకు.

నీ ఉత్తరం నాజియాకు చదివి వినిపించాను. సగంలోనే ఆపమంది. ఊరికే ఉన్నప్పుడు చెయ్యి వణకడం, అక్షరాలు చిన్నవైపోవడం, రెండూ కలిపి విని "ఇది నాకు తెలుసమ్మా, దీనికి మందుండాది" అంది. పూర్తిగా పోయే జబ్బు కాదట, అదుపులో పెట్టొచ్చట. బుధవారం అది కాళహస్తి వస్తుంది. నిన్ను తిరుపతి పెద్దాసుపత్రికి తీసుకుపోతుంది. అన్నను బస్సు ఆపమను. నువ్వు ఎక్కకపోతే ఈ పుండు కాలితో నేనే వస్తాను, తర్వాత నీ ఇష్టం.

డాక్టరుతో మొదటి మాట ఏం చెప్పాలో రాసిస్తున్నాను. "నేనొక నెమలి బాకీ ఉండాను. దానికి తగ్గ మందియ్యండి." ఇంకేం చెప్పకు.

ఇకమీద పోటీ తిరగేసి ఆడదాం. ఎవరి అడుగులు తక్కువైతే వాళ్ళు గెలిచినట్టు. నేను మంచం ఎక్కాను. ఈరోజు నావి తొంభై.

రహమత్

శ్రీకాళహస్తి,
22 డిసెంబరు

రహమతూ,

రెండు వందల పన్నెండు.

పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా అంతే. అవీ వంటింటికీ పెరటికీ నిజంగా నడిచినవి. గంటకోసారి గడియారం నన్ను లేచి కదలమని సతాయిస్తోంది. మా ఆయన దాని ముఖం చూసి "ఇదేం గడియారం మే, మనిసి బాగుపడితే తిడతాది" అన్నాడు. అంటూనే కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. నేను చూడలేదనుకున్నాడు.

డాక్టరమ్మకు నువ్వు చెప్పినట్టే చెప్పాను. ఆమె నవ్వలేదు. ఏ వేళలో గీస్తారు అని అడిగింది. రెండింటికి అన్నాను. పొద్దున ఒక మాత్ర, రెండోది ఒంటిగంటకు వేసుకోమని రాసింది. వేసుకున్న గంటకు చెయ్యి నా మాట వింటుంది. సాయంత్రానికి మళ్ళీ కొంచెం దాని మాటే. ముందు ముందు మందు పెంచాల్సి వస్తుందని కూడా చెప్పింది, దాచలేదు. గీయొద్దని మాత్రం అనలేదు. గీయమంది.

ఇంకా కలం ముట్టలేదు. మామూలు కాగితం మీద గీతలు లాగుతున్నాను. ఈ ఉత్తరం అక్షరాలు కొలుచుకో.

వేలు ఎలా ఉంది? నిజం రాయి. నాజియాను అడుగున రాయమను.

చంద్ర

చిత్తూరు,
2 ఫిబ్రవరి

చంద్రా,

వేలు నాదే. పుండు మూసుకుంది, కొత్త చర్మం వచ్చింది. నాజియా మెత్తటి బూట్లు కొనిపెట్టింది, వచ్చే నెల నుంచి మెల్లగా నడవొచ్చట. నిన్ను కూడా డాక్టరమ్మ నడవమందని తెలిసింది. ఈసారి నిజం నడక నడుద్దాం, నువ్వు ముందు, నేను వెనక. కింద నాజియా సాక్షి సంతకం పెడుతుంది, చూసుకో.

నిన్నటి సంగతి రాయాలి. నాజియా డ్యూటీకి పోయింది. నేను మంచం మీద కూర్చుని ఫోన్లో నీ అడుగులు చూస్తున్నాను. నూట నలభై. రెండైంది, నూట నలభై. రెండున్నర, అదే. నీళ్ళ బిందె ఎత్తలేదు, వాకిట్లోకి రాలేదు, వేలు కూడా ఆడలేదు. మూడయింది, అంకె కదల్లేదు. నాకు అర్థమైంది. నా గుండె గట్టిగా కొట్టుకుంటోందని నా గడియారం నాకే చెప్పింది. టీవీ ఆపేశాను. ఫ్యాను కూడా ఆపాను, ఎందుకో అడగకు.

అప్పుడు వచ్చాడు ఓబయ్య, ఉల్లిపాయల ఆటో వేసుకుని. వీధి మొదట్లోంచే మైకు. "ఎర్రగడ్డలేయ్, ఎర్రగడ్డలు" అని గోడలదిరేలా. నేను కర్ర పట్టుకుని, కొత్త చర్మం మీద జాగ్రత్తగా కాలు మోపుతూ గేటు దాకా పోయాను. నలభై అడుగులయ్యాయి, ఆ పందెం ఓడిపోయాను.

"ఆ మైకు రవ్వంతసేపు ఆపప్పా" అన్నాను.

"ఏమ్మా, లోపల ఎవరన్నా నిద్రపోతా ఉండారా?"

"ఈడ కాదప్పా. ఆడ, కాళహస్తిలో. మా చంద్ర నెమలిని గీస్తా ఉండాది."

 ఏమనుకున్నాడో, మైకు ఆపేసి, ఆటోను తోసుకుంటూ చప్పుడు లేకుండా వీధి దాటించాడు.

నాలుగూ పదికి నా ఫోను వెలిగింది. నువ్వు రెండు గంటల పది నిమిషాలు గాఢంగా నిద్రపోయావట.

రహమత్

పెద్దమ్మా, వేలు నిజంగానే మానింది. నాజియా